పదకొండు నిమిషాలు

మున్నేకొళాల సందులో రఫీక్ అంగడి.
మా కదిరి తట్టు పిల్లోడు, మాట తెలుగే.
అద్దాల బల్ల మీద మోచేతులు ఆనించి
మూడు ఆప్‌లు చూపించినాడు,
చీరల కొట్లో మడతలు విప్పినట్ల.

"ఇది ఊరికే వస్తాదన్నా, తొమ్మిదికి ఫోను మూసేస్తాది.
ఇది నెలకు నూటా తొంభై,
పాప యాడుందో చుక్క పెట్టి చూపిస్తాది.
ఇంగ ఇది..." గొంతు తగ్గించినాడు,
"ఇది ఉన్నట్టే తెల్దు. పాప కొట్టే ప్రతి అక్షరం
నీ ఫోన్లోకొచ్చి పడతాది."

చూసే పని నాకు కొత్త కాదు.
బెళ్ళందూరులో పద్దెనిమిది అంతస్తులు,
పదహారు తెరలు, ఒక స్టూలు.
ఏడో తెరలో తొమ్మిదో అంతస్తు మెట్లు.
రేయి రెండు గంటలకు ఒక పిల్లోడొచ్చి కూర్చుంటాడు,
మా పాప ఈడే,
చేతిలో ఫోను, మొగమంతా నీలంగా.
ఒగనాడు వాని భుజాలు ఎగిరెగిరి పడినాయి.
ఏడుస్తాండాడని కొంచేపటికి గానీ తెలీలేదు.
తెరకు శబ్దం లేదు.
చూసేది నాకొచ్చు.
చూసినంక ఏం చెయ్యల్లో
ట్రైనింగులో చెప్పలేదు.

నన్ను చూసేవాళ్ళూ ఉండారు.
గంట గంటకూ పద్నాలుగు స్టిక్కర్లకు ఫోను చూపించల్ల,
జనరేటరు, నీళ్ళ సంపు, చెత్త గది, వెనక గేటు.
నాలుగు నిమిషాలు ఆలస్యమైతే
హొసూరు రోడ్డు ఆఫీసులో నా చుక్క ఎర్రగైతాది.
ఫోను మోగుతాది: "ఓబులేసూ, ఎల్లిద్దీయా?"
ఆషాఢంలో జ్వరమొచ్చి సంపు గట్టు మీద కూలబడితే
సగం దినం కూలి కోసినారు.

మూడోదే తీసుకోమని నా భయం చెప్పింది.
దుడ్డు కూడా బయటికి తీసినా.
మళ్ళా జేబులో పెట్టుకున్నా.
రఫీకు ఏమీ అడగలేదు.

రెండోది త్రివేణి చేతనే ఎక్కించినా.
నాకు ఇంగ్లీషు రాదు గదా.
తన ఫోనుకు పడే బీగాన్ని తానే చదివి చెప్పింది,
బడిలో పాఠం అప్పజెప్పినట్ల,
ఒక్కో గీత మీద వేలు పెట్టి:
"నేను యాడుండానో చూడొచ్చా అంటాంది నాయనా.
ఒప్పుకోమంటావా?"
"ఊ."
"ఏ ఆటలు ఆడతానో?"
"ఊ."
"నా మాటలు వినొచ్చా అంట."
వాళ్ళమ్మ రొట్టె తిప్పేది ఆపింది.
పెనం మీద మాడు వాసన లేసింది.
"అది వద్దులేమ్మా."

నాలుగంకెల తాళం పెట్టమనింది.
"నువ్వు అట్ల తిరుగు" అంటే తిరిగింది,
జడ నా మోకాలికి తగిలేంత దగ్గర్లోనే.
ఎంత ఆలోచించినా నాకు తట్టింది
తను పుట్టిన తేదీ ఒక్కటే.
నాలుగుసార్లు టిక్కుమనింది.
పాప అట్లనే తిరుక్కోని నవ్వింది.

కడాన ఇంగో గడి ఉండాది.
చదివి, నా మొగం చూసింది.
"పెద్దోళ్ళ చుక్క పిల్లోళ్ళకు కనిపించల్నా అంట.
నాది నీకు కనిపిస్తే
నీది నాకు కనిపించొద్దా?"
నేను ఊ అనేలోపే నొక్కేసింది.

ఆ రేయి రెండైంది. ఏడో తెర.
పిల్లోడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకోనుండాడు.
నేను పోవాల్సింది చెత్త గదికి.
లిఫ్టులో తొమ్మిది నొక్కినా.
ఏం మాట్లాడల్లో తెలీక
"తిన్నావా" అన్నా, తెలుగులోనే.
వానిది ఏ భాషో. తల అడ్డంగా ఊపినాడు.
నా జేబులో వేయించిన శెనక్కాయలుండె.
పొట్టు వలుచుకుంటా ఇద్దరం ఒక మెట్టు మీదే కూచున్నాం.
ఫోను మోగింది. ఆగింది. మళ్ళా మోగింది.

తెల్లారి ఇంటికి పోతే
త్రివేణి బడి సంచి తగిలించుకోని వాకిట్లోనే ఉండాది.
ఫోను నా మొగానికి అడ్డం పెట్టింది.
"రాత్రంతా నీ చుక్క తిరుగుతానే ఉండాది.
రెండింటప్పుడు మాత్రం
పదకొండు నిమిషాలు కదల్లేదు."
నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.
"మళ్ళా జ్వరమొచ్చినాదా నాయనా?"